వాళ్లు రాస్తూనే ఉన్నారు... మనకే చేరడం లేదు

*ఇష్టమైన బ్లాగులో, పత్రికలో, వెబ్‌సైటులో కొత్తది రాగానే తెలుసుకునే దారులు ఒకప్పుడు మన చేతిలోనే ఉండేవి. అవి ఇప్పటికీ మూసుకుపోలేదు.*

హైదరాబాద్ బాగ్‌లింగంపల్లి, సుందరయ్య విజ్ఞాన కేంద్రం. పుస్తకావిష్కరణ అయిపోయింది. శాలువాలు మడతపెట్టి సంచుల్లో సర్దేశారు. జనం టీ కప్పులతో గుంపులు గుంపులుగా నిలబడ్డారు. ఓ కథారచయిత్రి దగ్గరికి నడివయసు పాఠకురాలు ఒకావిడ వచ్చి ఆప్యాయంగా చెయ్యి పట్టుకుంది.

"మేడమ్, ఈమధ్య రాయడం మానేశారేంటండీ? మీ కథల కోసం ఎంత ఎదురుచూస్తానో!"

"అయ్యో, మానెయ్యడమేంటమ్మా! పోయిన నెల్లోనే రెండు కథలొచ్చాయి. ఫేస్‌బుక్‌లో లింకులు కూడా పెట్టాను."

"అదేంటండీ! నేను మిమ్మల్ని ఫాలో అవుతున్నాను కదా. ఒక్కటీ కనబడలేదే?"

ఆవిడ ఫోను తీసి చూపించింది. 'ఫాలోయింగ్' అని ఉంది, అనుమానం లేదు. తెర జరుపుతూ పోతే ఓ వంటల వీడియో, ఎవరిదో పెళ్లిరోజు, ప్లాట్ల ప్రకటన, సినిమా హీరో పాత ఇంటర్వ్యూ ముక్క, మళ్లీ ఇంకో వంటల వీడియో. రచయిత్రి పేజీకి నేరుగా వెళ్లి చూస్తే మాత్రం రెండు కథల లింకులూ అక్కడే ఉన్నాయి.

ఏ సాహిత్య సభకు వెళ్లినా ఇప్పుడు ఈ సంభాషణ వినిపిస్తోంది. రాసేవాళ్లు "ఎవరూ చదవట్లేదు" అని నొచ్చుకుంటున్నారు. చదివేవాళ్లు "ఎవరూ రాయట్లేదు" అని నిట్టూరుస్తున్నారు. ఇద్దరూ అపోహలోనే ఉన్నారు. మధ్యలో తెగిపోయింది దారి ఒక్కటే.

ఫాలో అయితే చాలదా?

చాలదు. ఫేస్‌బుక్ 2006 సెప్టెంబరులో న్యూస్ ఫీడు మొదలుపెట్టింది. మనవాళ్లు రాసినవన్నీ ఒకచోట కనబడటం అప్పట్లో సంబరంగానే ఉండేది. రానురాను ఎవరిది ముందు చూపించాలి, ఎవరిది అసలు చూపించకూడదన్న నిర్ణయం కంపెనీల లెక్కల్లోకి పోయింది. ట్విటర్, ఇన్‌స్టాగ్రామ్ 2016లో తేదీల వరసను పక్కనపెట్టి అదే బాట పట్టాయి. స్నేహితుల, కుటుంబసభ్యుల పోస్టులకే ముందు చోటిస్తామని, పేజీలవి తగ్గిస్తామని 2018 జనవరిలో ఫేస్‌బుక్ బాహాటంగానే ప్రకటించింది.

ఈ లెక్క ఎలా నడుస్తుందో తెలుసుకోవడానికి పెద్ద చదువులు అక్కర్లేదు. మనల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టేది పైకి వస్తుంది. బయటి వెబ్‌సైటుకు దారి చూపించే లింకు మనల్ని లేపి పంపించేస్తుంది కాబట్టి వెనక్కి పోతుంది. మన రచయితలు "లింకు మొదటి కామెంట్లో" అని రాసుకోవడం ఎందుకు మొదలైందంటే ఈ భయం వల్లే. తన కథ చిరునామాను తన గోడ మీదే పెట్టుకోవడానికి జంకాల్సిన పరిస్థితి!

ఈ పద్ధతిలో అందరికన్నా నష్టపోయేది నెమ్మదిగా రాసేవాళ్లు. రోజుకు నాలుగు పోస్టులు పెట్టేవాళ్లవి ఎప్పుడో ఒకటి కంటబడుతుంది. మూడు నెలలకో మంచి వ్యాసం రాసే మనిషి మాత్రం మాయమైపోతాడు.

1999లోనే దొరికిన ఉపాయం

ఈ చిక్కుకు విరుగుడు ఫేస్‌బుక్ పుట్టకముందే తయారైంది. 1999 మార్చిలో నెట్‌స్కేప్ కంపెనీ తన పోర్టల్‌లో వేర్వేరు సైట్ల శీర్షికలను ఒకేచోట చూపించడానికి ఆర్‌ఎస్‌ఎస్ అనే పద్ధతి తెచ్చింది. దాన్ని రూపొందించినవాళ్లు డాన్ లిబీ, రామనాథన్ గుహ. గుహ మన ఐఐటీ మద్రాసులో చదువుకున్న మనిషి. తర్వాత డేవ్ వైనర్ అనే సాఫ్ట్‌వేర్ నిపుణుడు దాన్ని పట్టుకుని ముందుకు తీసుకెళ్లారు. 2000 డిసెంబరులో వచ్చిన ఇంకో రూపం మీద పనిచేసిన బృందంలో ఆరన్ స్వార్ట్జ్ అనే కుర్రాడున్నాడు. అప్పటికి అతని వయసు 14 ఏళ్లు. ఆ సాంకేతిక చర్చలన్నీ ఈమెయిళ్లలోనే సాగేవి కాబట్టి అవతల ఉన్నది పిల్లవాడని చాలామందికి తెలియదు.

దీని పని ఎంత చిన్నదో చూడండి. ఈ పద్ధతి పాటించే ప్రతి సైటూ వెనకాల ఒక ఫైలు ఉంచుకుంటుంది. కొత్త వ్యాసం వేయగానే ఆ ఫైలులో నాలుగు సంగతులు చేరతాయి: శీర్షిక, లింకు, ప్రచురించిన తేదీ, వ్యాసంలోంచి కొంత భాగం లేదా మొత్తం. దీన్నే ఫీడు అంటారు. మన దగ్గరుండే 'ఫీడ్ రీడర్' అనే యాప్ గంటకోసారో, ఇంకా ముందో ఆ ఫైలును చూసి వస్తుంది. కొత్తది ఉంటే తెచ్చి ముందు పెడుతుంది. లేకపోతే ఊరుకుంటుంది. మధ్యలో తూకం వేసేవాడు లేడు. మన ఈమెయిల్ గానీ, ఫోన్ నంబరు గానీ ఆ సైటువాళ్లకు ఇవ్వనక్కర్లేదు. వద్దనుకుంటే ఒక్క నొక్కుతో తీసేయొచ్చు, ఎవరినీ అడగాల్సిన పని లేదు.

ఇదేదో పాతబడ్డ సరుకని కొట్టిపారేసేవాళ్లు ఒక్కమాట గమనించాలి. ఇవాళ మనం వినే పాడ్‌కాస్టుల్లో చాలావరకు కొత్త ఎపిసోడ్ యాప్‌లోకి వచ్చిపడేది ఆర్‌ఎస్‌ఎస్ ద్వారానే. ఆ పేరు వినకుండానే రోజూ దాన్ని వాడుతున్నాం.

[బాక్స్] అంచెలంచెలుగా

1999: నెట్‌స్కేప్ నుంచి తొలి ఆర్‌ఎస్‌ఎస్.
2002: ఆర్‌ఎస్‌ఎస్ 2.0. ఇప్పటికీ ఎక్కువగా వాడుకలో ఉన్నది ఇదే.
2005: అక్టోబరులో గూగుల్ రీడర్ ప్రారంభం. డిసెంబరులో ఆటమ్ అనే మరో ఫీడు పద్ధతికి ప్రామాణిక హోదా.
2013: జులై 1న గూగుల్ రీడర్ మూత.
2018: డిసెంబరులో వచ్చిన ఫైర్‌ఫాక్స్ 64లో ఫీడు చదివే సౌకర్యం తొలగింపు.
2021: బ్లాగు టపాలను చందాదారులకు ఈమెయిల్లో పంపే ఫీడ్‌బర్నర్ సేవను నిలిపేసిన గూగుల్.
2025: తర్వాత చదువుకోవడానికి వ్యాసాలు దాచుకునే పాకెట్ జులై 8న మూత.

కూడలికి వెళ్లొచ్చిన తరం

తెలుగువాళ్లకు ఈ కథలో సొంత అధ్యాయం ఉంది. 2006 ప్రాంతంలో తెలుగు బ్లాగులు మొగ్గ తొడుగుతున్నాయి. 'లేఖిని' అనే ఉపకరణంతో కంప్యూటర్లో తెలుగు రాయడం సులువు చేసిన వీవెనే 'కూడలి' అనే సంకలినినీ కట్టారు. తెలుగు బ్లాగుల ఫీడులన్నీ అక్కడికి చేరేవి. ఎవరు కొత్త టపా (పోస్టు) రాసినా కాసేపట్లో కూడలి పేజీ మీద కనబడేది. ఆ తర్వాత జల్లెడ, హారం, మాలిక వచ్చాయి.

అప్పటి బ్లాగరులను కదిలిస్తే ఇప్పటికీ కళ్లు మెరుస్తాయి. పొద్దున్నే కాఫీతో కూడలి తెరవడం, ఎవరేం రాశారో చూడటం, నచ్చితే వ్యాఖ్య పెట్టడం, నచ్చకపోతే వాదన పెట్టుకోవడం. కాలిఫోర్నియాలో ఉద్యోగి రాత్రి రాసిన చిన్ననాటి సంక్రాంతి ముచ్చట విజయవాడలో ఎవరికో పొద్దుటి పలకరింపు అయ్యేది. కొత్తగా రాయడం మొదలుపెట్టిన అమ్మాయి టపా, చేయి తిరిగిన రచయిత టపా పక్కపక్కనే నిలబడేవి. ఎవరు ముందు రాస్తే వాళ్లు పైన, అంతే. ఆ తెర మీద పరిచయాలు యూసుఫ్‌గూడ కృష్ణకాంత్ పార్కులో నెలనెలా సమావేశాలయ్యాయి, హైదరాబాద్ పుస్తక ప్రదర్శనలో ఈ-తెలుగు సంస్థ స్టాలయ్యాయి. వేదిక చిన్నదే, కానీ అక్కడ ప్రతి గొంతూ వినబడింది. మన భాషకు ఇంటర్నెట్టులో అంతటి సమానత్వం మళ్లీ దొరకలేదన్నది నా గట్టి నమ్మకం.

ఒక్క లోటుంది. సంకలిని అంటే ఎవరో ఒకరు సొంత డబ్బు పెట్టి, నిద్ర మానుకుని నడిపేది. సర్వరు కిరాయి కట్టాలి, దొంగ వ్యాఖ్యలు ఏరెయ్యాలి, "నా బ్లాగు ఎందుకు తీసేశారు" అన్న తగాదాలు తీర్చాలి. ఎంత ఓపికున్నా ఎన్నేళ్లు చేస్తారు? బ్లాగరులు ఒక్కొక్కరే ఫేస్‌బుక్ దారి పట్టారు. కూడలి, జల్లెడ, హారం ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. కూడలి మీదే ఆధారపడ్డ పాఠకులకు అది ఆగిన రోజుతో సగం బ్లాగుల చిరునామాలే పోయాయి. ఆ చిరునామాలను తమ సొంత ఫీడ్ రీడర్లో పెట్టుకున్న కొద్దిమందికి మాత్రం ఏమీ పోలేదు.

రీడర్ పోయిన రోజు

ఇంకో దెబ్బ గూగుల్ నుంచి తగిలింది. లక్షలమంది రోజూ పొద్దున తెరిచే గూగుల్ రీడర్‌ను, వాడకం తగ్గిందంటూ, మూసేస్తున్నామని 2013 మార్చి 13న ప్రకటించింది. వద్దని లక్షమందికి పైగా సంతకాలు పెట్టారు. గూగుల్ వినలేదు. మంచి ఏమిటంటే తాము చదివే సైట్ల జాబితాలను జనం తమతో పట్టుకుపోగలిగారు. ప్రకటన వచ్చిన 48 గంటల్లోనే 5 లక్షలమంది తమ దగ్గర చేరారని ఫీడ్‌లీ అనే సంస్థ చెప్పింది. ఇనోరీడర్, న్యూస్‌బ్లర్, ది ఓల్డ్ రీడర్ లాంటివీ ఆ వలసతోనే నిలదొక్కుకున్నాయి.

అది ఎలా కుదిరిందంటే, మనం రీడర్లో చేర్చుకున్న సైట్ల జాబితా మొత్తాన్ని ఓపీఎంఎల్ అనే ఒక్క చిన్న ఫైలుగా దించుకోవచ్చు. ఆ ఫైలును ఇంకో రీడర్లో ఎక్కిస్తే చాలు, అన్ని సైట్లూ అక్కడ ప్రత్యక్షం. ఫేస్‌బుక్‌లో వెయ్యిమందిని ఫాలో అవుతున్న మనిషి రేపు వేరే చోటికి వెళ్లాలంటే ఆ వెయ్యిమందినీ మళ్లీ వెతుక్కోవాల్సిందే. మన చదువు అలవాటును ఏ కంపెనీ గడప దగ్గరా తాకట్టు పెట్టకూడదంటే తేడా ఇక్కడే చూడాలి.

వెబ్‌నోట్ కోసం పడిగాపులు

ఇది సాహిత్యాభిమానుల గోల మాత్రమే అనుకుంటే పొరపాటు. హైదరాబాద్ అశోక్‌నగర్ హాస్టళ్లలో, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీ చెట్ల కింద ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లల్ని చూడండి. ఊళ్లో పొలం కౌలుకిచ్చిన నాన్న నెలనెలా పంపే డబ్బుతో గదిలో నలుగురు సర్దుకుంటారు. వాళ్ల బతుకులో ముఖ్యమైన వార్త ఏదైనా మొదట కనబడేది సర్వీస్ కమిషన్ వెబ్‌సైటులో పెట్టే వెబ్‌నోట్‌గానే.

తెలంగాణ గ్రూప్-2 సంగతే తీసుకుందాం. 783 పోస్టులకు 2022 డిసెంబరులో నోటిఫికేషన్ వచ్చింది. ఐదున్నర లక్షలమంది దరఖాస్తు చేశారు. పరీక్ష 2023 ఆగస్టులో అన్నారు, నవంబరుకు మారింది, 2024 జనవరికి మారింది, మళ్లీ ఆగస్టుకు, చివరికి 2024 డిసెంబరు 15, 16 తేదీల్లో జరిగింది. ప్రతి వాయిదా ముందూ, వెనకా వాట్సాప్ గ్రూపుల్లో పుకార్ల వాన. "వాయిదా వేశారంట", "వెబ్‌నోట్ వచ్చిందంట", దానికి తోడు ఎవరో తయారుచేసిన నకిలీ నోటు ఫొటో. నమ్మి పుస్తకం మూసేస్తే నష్టం, నమ్మకుండా కూర్చున్నా మనసు నిలవదు. రాత్రి పదకొండుకు ఒకడు సైటు రిఫ్రెష్ చేస్తుంటే మిగతా ముగ్గురూ చదువు ఆపి వాడి మొహం చూస్తుంటారు.

ఇలాంటి సైట్లలో చాలావాటికి ఫీడు ఉండదు. ఉండాల్సింది, ఉంటే లక్షలమందికి నిద్ర మిగిలేది. కేంద్ర ప్రభుత్వ పత్రికా సమాచార కార్యాలయం ఫీడులు ఇస్తోంది. మిగతా కార్యాలయాలకు చేతకాని పనేమీ కాదు. అంతవరకు విజువల్‌పింగ్, డిస్టిల్ లాంటి పేజీ కాపలా సేవలు ఉపయోగపడతాయి. పేజీ చిరునామా ఇస్తే, అవి మన తరఫున అప్పుడప్పుడూ చూసి, ఏదైనా మారితే ఈమెయిల్ పంపుతాయి. ఉచితంగా చూసేది పరిమితంగానే, అయినా ఒకటి రెండు పేజీలకు సరిపోతుంది. మొత్తం పేజీని కాపలా పెడితే సందర్శకుల సంఖ్య మారినా కబురు వస్తుంది. 'తాజా ప్రకటనలు' ఉన్న పెట్టె వరకే గీత గీసి ఎంచుకోవాలి.

మొదలుపెట్టడం ఇలా

ఫోనులో ఓ ఫీడ్ రీడర్ ఎక్కించుకోండి. ఆండ్రాయిడ్‌లో ఫీడర్, ఐఫోనులో నెట్‌న్యూస్‌వైర్ పూర్తిగా ఉచితం, ప్రకటనలు ఉండవు. ఫోనులోనూ కంప్యూటర్లోనూ ఒకే జాబితా కావాలనుకుంటే ఫీడ్‌లీ, ఇనోరీడర్ ఉన్నాయి. ఉచిత ఖాతాలో సైట్ల సంఖ్యకు హద్దు ఉంటుంది, మామూలు పాఠకులకు అది చాలు. తర్వాత నచ్చిన సైటు చిరునామాను కాపీ చేసి రీడర్లో అతికించండి. ఫీడు ఎక్కడుందో చాలాసార్లు అదే కనిపెడుతుంది.

[బాక్స్] రీడర్ కనిపెట్టలేకపోతే

బ్లాగ్‌స్పాట్ బ్లాగులు: చిరునామా చివర స్లాష్ పెట్టి 'ఫీడ్స్', మళ్లీ స్లాష్ 'పోస్ట్స్', మళ్లీ స్లాష్ 'డిఫాల్ట్' అని ఇంగ్లిషు అక్షరాల్లో చేర్చండి.
వర్డ్‌ప్రెస్ సైట్లు: చివర స్లాష్ 'ఫీడ్' చేర్చితే చాలు. వ్యాఖ్యలు కావాలంటే స్లాష్ 'కామెంట్స్' స్లాష్ 'ఫీడ్'.
సబ్‌స్టాక్: ఇక్కడా స్లాష్ 'ఫీడ్'.
యూట్యూబ్: ఛానల్ పేజీ చిరునామాను రీడర్లో అతికించండి. ప్రతి ఛానల్‌కూ ఫీడు ఉంది.

వ్యాఖ్యల ఫీడును చాలామంది పట్టించుకోరు. నాకైతే అదే ఎక్కువ ఇష్టం. 1998లో అమెరికాలోని తెలుగువాళ్లు మొదలుపెట్టిన 'ఈమాట', 2009 నుంచి పుస్తకాల గురించే రాస్తున్న 'పుస్తకం.నెట్' లాంటి చోట్ల అసలు సంగతులు ఒక్కోసారి వ్యాసం కింద దొరుకుతాయి. ఎప్పుడో వచ్చిన వ్యాసం కింద ఏళ్ల తర్వాత ఎవరో పాఠకుడు వచ్చి, ఆ రచయితను తాను చూసిన జ్ఞాపకమో, తప్పు పడిన తేదీకి సవరణో రాసి వెళ్తాడు. చెప్పేవాళ్లు లేకపోతే అది ఎవరి కంటా పడదు.

రీడర్ వద్దు, ఈమెయిలే సుఖం అనేవాళ్లు న్యూస్‌లెటర్లకు చందాదారులు కావచ్చు. కాకపోతే జీమెయిల్ వాటిని 'ప్రమోషన్స్' అరలోకి నెట్టేస్తూ ఉంటుంది. ఒకసారి ఆ ఉత్తరాన్ని 'ప్రైమరీ'లోకి లాగి పెడితే తర్వాతివి అక్కడికే వస్తాయి. వాట్సాప్ ఛానళ్లు మన దేశంలో 2023 సెప్టెంబరు నుంచి ఉన్నాయి. చేరితే సరిపోదు, గంట గుర్తు నొక్కితేనే కబురు వస్తుంది. వార్తా సైట్లు తెరవగానే "నోటిఫికేషన్లు అనుమతిస్తారా" అని అడిగేవాటికి మాత్రం వద్దనే చెప్పండి. పనికొచ్చే కబురు ఒకటి వస్తే పనికిరానివి పాతిక వస్తాయి.

ఫేస్‌బుక్‌ను వదల్లేనివాళ్లకు ఓ చిన్న ఊరట. అందులో 'ఫేవరెట్స్' జాబితాలో 30 మందిని పెట్టుకోవచ్చు. 'ఫీడ్స్' అనే విభాగంలోకి వెళ్తే పోస్టులు తేదీల వరసలో కనబడతాయి. మెనూలో లోపలెక్కడో దాచారు కాబట్టి ఓపిగ్గా వెతకాలి.

తక్కువ రాసేవాళ్లకే ముందు చోటు

కొత్తగా రీడర్ మొదలుపెట్టినవాళ్లు చేసే పని ఒకటుంది. ఉత్సాహంలో దినపత్రికలన్నిటినీ, సినిమా సైట్లన్నిటినీ అందులో కుక్కేస్తారు. నాలుగు రోజులకు 'చదవనివి: 1,000' అని కనబడుతుంది. ఐదో రోజు యాప్ తీసేస్తారు. దినపత్రికకు రీడర్ అక్కర్లేదు, దాని వార్తలు ఎటు తిరిగినా ఎదురవుతాయి. రీడర్లో చోటు దక్కాల్సింది నెలకోసారో, ఆర్నెల్లకోసారో రాసేవాళ్లకు. శాసనాల గురించి ఓపిగ్గా రాసే మాస్టారు, ఊరి పక్షుల ఫొటోలు పెట్టే రైతుబిడ్డ, అనువాద కథలు ఒక్కోటి నెలల తరబడి చెక్కే రచయిత్రి, ఆగిపోయిందనుకున్న పాత బ్లాగు. ఇలాంటి ముప్పై నలభై చిరునామాలుంటే రోజుకు మహా అయితే ఒకటో రెండో కొత్తవి వస్తాయి. టీ తాగేలోపు చదివేయొచ్చు.

ఆగిపోయిన బ్లాగులను జాబితాలోంచి తీసేయకండి. ఉంచినందువల్ల ఖర్చేమీ లేదు. పిల్లల చదువులు, ఉద్యోగ బాధ్యతలు ముగిశాక మళ్లీ కలం పట్టే బ్లాగరులు ఉంటారు. అలా ఏళ్ల విరామం తర్వాత వచ్చిన టపాకు మొదటి రోజే "మళ్లీ వచ్చారా, సంతోషం" అని వ్యాఖ్య పెట్టగలిగేది ఆ ఫీడు దాచుకున్నవాళ్లే. ఆ ఒక్క వ్యాఖ్య రెండో టపా రాయిస్తుంది.

సైట్లు నడిపేవాళ్లకో విన్నపం

సగం పని రాసేవాళ్ల చేతుల్లోనూ ఉంది. వర్డ్‌ప్రెస్‌లో కట్టిన తెలుగు పత్రికలకు ఫీడు దానంతటదే ఉంటుంది. డిజైను మార్చినప్పుడు దాన్ని ఆపేయకుండా చూసుకోవాలి, లింకు కనబడేలా పెట్టాలి. నెలంతా కలిపి ఒకే పీడీఎఫ్‌గా తెచ్చే పత్రికలు ఒక్కో రచననూ విడి పేజీగా కూడా పెడితే ఏ కథ ఎప్పుడొచ్చిందో పాఠకుడికి చేరుతుంది.

బ్లాగ్‌స్పాట్ వాడేవాళ్లు ఓసారి తమ బ్లాగు పక్కపట్టీ చూసుకోవాలి. "కొత్త టపాలు ఈమెయిల్లో పొందండి" అన్న పెట్టె పెట్టుకున్నవాళ్లు ఎందరో. దాని వెనకున్న సేవ 2021లోనే ఆగిపోయింది. అందులో ఈమెయిల్ ఇచ్చిన పాఠకులు ఆనాటి నుంచి మీరు రాయడం మానేశారనే అనుకుంటున్నారు. పాత చందాదారుల జాబితా ఫీడ్‌బర్నర్ ఖాతాలోంచి దించుకుని ఉంటే వాళ్లందరికీ ఒక్క ఉత్తరం రాయండి. ఆ పెట్టె ఉన్నచోట ఫీడు లింకు పెట్టండి. సెట్టింగుల్లో 'సైట్ ఫీడ్' దగ్గర 'ఫుల్' ఎంచుకుంటే టపా మొత్తం పాఠకుడి రీడర్లోకి వెళ్తుంది. 'షార్ట్' అని ఉంటే మొదట్లో కొద్ది భాగమే వెళ్తుంది. ఐదు నిమిషాల పని, ఈ ఆదివారమే చేసేయొచ్చు.